అత్తయ్య దిగేలోపు లియోన్ అంతా

నవంబర్ 4, సోమవారం. సాయంత్రం 6:00

గ్రసిండ అత్తయ్య ఫోన్. మా పోర్చుగల్ దాటి ఎన్నడూ రాని మనిషి.

"టికెట్ కొనేశానే లియోనోర్! పదహారో తారీఖు శనివారం దిగుతున్నా. నువ్వు చెప్పినవన్నీ చూపించాలి."

నేను చెప్పినవన్నీ! సెప్టెంబర్లో చదువుకని ఫ్రాన్సులో ఈ లియోన్‌కి వచ్చినప్పట్నుంచి ప్రతి ఆదివారం ఫోన్లో చెబుతూనే ఉన్నాను మరి. కొండ మీద సూర్యోదయం. పాత నేతగాళ్ల పేటలో ఇళ్ల లోపల్నుంచి పోయే రహస్య దారులు. నిజంగా చూసినవి: కాలేజీ, హాస్టల్, హాస్టల్ కింద కబాబ్ కొట్టు. ఈ ఊళ్లో రెండు నదులున్నాయి. ఏది ఏదో ఇప్పటికీ తెలియదు.

ఒట్టు! రేపట్నుంచి రోజుకో పేట. ఉదయం ఆరున్నరకే లేవడం. ఫోన్లో మ్యాప్ చూడకూడదు, మనుషుల్నే అడగాలి.

పక్క గది వోయ్‌చెక్ కూడా వస్తానన్నాడు. పోలండ్ వాడు, రెండు మీటర్ల పొడుగు, గోడల మీద నాచు చూసి దిక్కులు చెబుతాడట. నా క్లాసు స్టమాతియా, గ్రీసు పిల్ల, కాఫీ ఇప్పిస్తే వస్తానంది. పన్నెండు రోజులు! ఊరిని నమిలి మింగేస్తాం!

నవంబర్ 5, మంగళవారం

6:30 అలారం.
6:31 అలారం నోరు నొక్కాను.
9:10 బయల్దేరాం. అయినా బయల్దేరాం!

వంతెన మీద కుక్కతో ఒక పెద్దాయన. "అయ్యా, ఇది సోన్ నదేనా?" అని అడిగాను.

"కాదమ్మా, రోన్. ఈ ఒక్కరోజే కాదు, చాలా కాలంగా రోనే."

ఒక నది తెలిసింది. రెండోది సులువు.

నవంబర్ 6, బుధవారం

కొండ. మెట్లు. ఇంకా మెట్లు. సగంలో స్టమాతియా కూలబడింది.

"మా దేశంలో ఇలాంటి చోట్లకి మేకలు వెళ్తాయే. మేం కింద కూర్చుని జున్ను తింటాం."

కొండెక్కే చిన్న రైల్లోంచి ఇద్దరు ముసలమ్మలు మాకు చేతులూపారు. అవమానం! నిబంధన సవరించాం: ఎక్కడం రైల్లో, దిగడం కాళ్లతో. దిగడమూ నడకే కదా.

పైన పొగమంచు. ఊరు కనిపించలేదు. ఉందని మాత్రం అందరూ అన్నారు.

నవంబర్ 7, గురువారం

వాన. కాబట్టి మ్యూజియం. చూసిన బొమ్మలు: ఒకటి. దాని ఎదురుగా బెంచీ ఉంది. వోయ్‌చెక్ గురక పెడితే కాపలా ఆవిడ వచ్చి లేపింది.

"లోతుగా చూస్తున్నానండీ" అన్నాడు.

నవంబర్ 9, శనివారం

(నిన్న జరిగినది రాయను. నిన్న ఏమీ జరగలేదు.)

ఇవాళ రహస్య దారులు! నాచు చూసి వోయ్‌చెక్ ఒక తలుపు తోశాడు. చెత్తడబ్బాలు. ఇంకో తలుపు తోశాడు. పళ్ల డాక్టరు గది. బల్ల దగ్గరావిడ "మీ పేరు?" అనేసరికి బెదిరిపోయి స్టమాతియా చెప్పేసింది. ఈ ఊళ్లో నెలల తరబడి ఎదురు చూసినా దొరకని అపాయింట్‌మెంటు దానికి గురువారానికి దొరికింది.

దారి మాత్రం దొరకలేదు.

నవంబర్ 11, సోమవారం

దేశమంతా సెలవు. అన్నీ మూత. ఊరు మూసుకుంటే నా తప్పా? కబాబ్ కొట్టు తెరిచే ఉంది.

నవంబర్ 12, 13, 14

జలుబు. (వోయ్‌చెక్‌కి. తోడుగా నేనూ పడుకున్నాను.)

నవంబర్ 15, శుక్రవారం

రేపే!!! పొద్దుట్నుంచి ఊరి వీడియోలు పదకొండు చూశాను. మ్యాప్ చూడలేదు. వోయ్‌చెక్ చూశాడు, నేను పక్కనుంచి వోయ్‌చెక్‌ని చూశాను.

నవంబర్ 16, శనివారం

అత్తయ్య దిగింది. ముప్పై ఏళ్లు ఇంటింటికీ ఉత్తరాలు పంచిన కాళ్లు. మెట్లన్నీ ఎక్కేసి పైనుంచి "ఏమే, వస్తున్నావా?" అంటోంది.

ధైర్యంగా ఒక తలుపు తోసి, "ఇదేనత్తా రహస్య దారి" అన్నాను. లోపలికి వెళ్లాం. వెనక తలుపు మూసుకుపోయింది. ముందు తలుపుకి నంబర్ల తాళం. మధ్యలో మేము, మూడు సైకిళ్లు.

తుడుపు కర్రతో ఒకావిడ ఊడిపడింది. "ఇది దారి కాదు, ఇల్లు!" అని ఫ్రెంచిలో కేకలు.

అత్తయ్య నా చెవిలో మా భాషలో, "అచ్చం మా చిన్నాడబిడ్డ అరిచినట్టే ఉందే" అంది.

"ఆ ఆడబిడ్డది ఏ ఊరు?" అంది ఆవిడ. మా భాషలోనే!

ఆవిడ పేరు ఒడెట్. మాది బ్రాగా, ఆవిడది విజెవ్, రెండూ పోర్చుగల్ ఊళ్లే. అయిదు నిమిషాల్లో ఆవిడ వంటింట్లో కాఫీ తాగుతున్నాం. "ఈ దారి మూసేసి ఇరవై ఏళ్లయింది. ఎవరు చెప్పారమ్మా నీకు?" అని అడిగింది ఒడెట్.

నాకు ఏడుపొచ్చింది. మొత్తం కక్కేశాను. ఆదివారాలు, అబద్ధాలు, కబాబ్, అన్నీ. సెప్టెంబర్లో ఇక్కడ నాకెవరూ తెలియదనీ, ఒంటరిగా బయటికెళ్లాలంటే భయమేసిందనీ కూడా.

అత్తయ్య కాఫీ ఊదుకుంది. "నువ్వు నది ఒడ్డున ఉన్నానన్నప్పుడల్లా వెనక బట్టలుతికే మిషన్ తిరిగే చప్పుడు వినపడేదే."

"మరి తెలిసీ ఎందుకొచ్చావు?"

"ఆ కబుర్లన్నీ రొట్టెల కొట్టులో అందరికీ చెప్పాను. భలేగా ఉన్నాయి మరి! ఇప్పుడు వాటిని నిజం చెయ్యకపోతే నా పరువేం కాను? లే."

ఒడెట్ తెరిచి ఉన్న దారులు మూడు చూపించింది. సోన్ నది కూడా దొరికింది. ఇన్నాళ్లూ అది కాలేజీ వెనకే ఉంది.

నవంబర్ 24, ఆదివారం

అత్తయ్య వెళ్లి వారం. నిర్ణయం మళ్లీ మొదలు! ఈసారి వారానికి ఒక్క పేట. ఆరున్నర అనేది మనుషులు లేచే టైము కాదు, పదికి లేవడం.

10:00 అలారం.
10:01 వోయ్‌చెక్ తలుపు కొట్టాడు. వానట. స్టమాతియాకి పన్ను నొప్పట.
11:00 అత్తయ్య ఫోన్. "ఎక్కడున్నావే?"

కొండ మీద అందామనుకున్నాను. నోటిదాకా వచ్చింది.

"దుప్పటి కిందత్తా."

"మంచిది. బూట్లు తొడుక్కో. తొడుక్కునేదాకా నేను లైన్లోనే ఉంటా."

11:20 ఒక బూటు.