నీ చెట్టు, నా నేల

నాక్సోస్ దీవి,
20 సెప్టెంబర్ 1986

ప్రియమైన ఆర్గిరోకి కల్లిరోయి రాయు ఉత్తరం.

ఇక్కడ నేనూ, నా మేకా కులాసా. పిరెయస్‌లో నువ్వూ, నీ మోకాళ్ళూ కులాసాయేనని తలుస్తాను. ఐదేళ్ళ తర్వాత ఈ ముసలిదానికి నేనెందుకు గుర్తొచ్చానా అనుకుంటున్నావు కదూ? నీ చెట్టు సంగతి ఇంకెవరో నీకు చేరవేసేలోపు నేనే చెప్పాలని రాస్తున్నాను.

నా చేలో ఉన్న నీ ఆలివ్ చెట్టు ఆకులు రాలుస్తోంది. వసంతంలో ముదురాకులు రాలడం మామూలేగా, అదైతే పట్టించుకునేదాన్నే కాదు. ఇప్పుడు లేతాకులు కూడా పసుపెక్కి రాలుతున్నాయి. పొద్దున్న ఊడిస్తే సాయంత్రానికి మళ్ళీ పరుచుకుంటున్నాయి.

ఊరు ఊరుకుంటుందా? నేల నాది, చెట్టు మీ అమ్మమ్మ నీకిచ్చింది. అది బతికున్నన్నాళ్ళే నా చేలోకి నీకు దారి. అది పోతే నీ హక్కూ పోయినట్టే. మొన్న కాఫీ కొట్టు దగ్గర నికిఫోరోస్ నలుగురూ వినేలా, "ఏం కల్లిరోయీ, వేళ్ళకి ఏం పోశావేంటి? వచ్చే ఏడాదికి నేలంతా నీదే!" అని పళ్ళికిలించాడు. నీ నోట్లో పోయడానికి ఇంకా మిగిలిందిలే అన్నాను. అన్నాను గానీ ఇంటికొచ్చి ఏడ్చాను.

వ్యవసాయశాఖ నుంచి ఎవ్‌దోకియా అనే అమ్మాయిని పిలిపించాను. పెంపకం మంచిది, ఉత్తచేతులతో రాకుండా బిస్కెట్ల పొట్లం తెచ్చింది. ఆకులు తిరగేసి చూసి, గుండ్రటి మచ్చల్లేవు, తెగులు కాదంది. చెట్టు మొదట్లో తవ్వి, ఓ వేరు తుంచి నా ముక్కు దగ్గర పెట్టింది. కుళ్ళు కంపు. "ఇన్ని నీళ్ళు ఎవరు పోస్తున్నారు బామ్మా? అసలే బంకమన్ను. ఈ చెట్టు ఎండకి ఓర్చుకుంటుంది గానీ తడికి ఓర్చుకోదు. వేళ్ళకి ఊపిరాడట్లేదు" అంది. ఎవరో నాకేం తెలుసన్నాను.

తను చెప్పినట్టే చేస్తున్నాను. నీళ్ళు బంద్. మొదలు చుట్టూ మట్టి గుల్ల చేశాను. వాన నీరు నిలవకుండా పల్లం వైపుకి కాలువ తీశాను, నడుం పట్టేసింది. తేరుకునేదాకా ఎరువు వెయ్యొద్దంది. ఎండు పుల్లలు మాత్రం కత్తిరించమంది. కత్తెర ఇంకా మేకుకే వేలాడుతోంది. నా చిక్కుడు పాదులకి నీడొస్తోందని నిన్నడక్కుండా ఒక్క కొమ్మ కొట్టినందుకేగా, అప్పట్నించీ కోతకి నువ్వు రాక మీ మరిదిని పంపుతున్నావు. ఈసారి నువ్వొచ్చి ఏ పుల్ల చూపిస్తే ఆ పుల్లే కత్తిరిస్తాను. కోతకి ఇంకా రెండు నెలలుంది. అంతదాకా ఆగకు.

ఇట్లు,
నీ చెట్టుకి కాపలా ఉన్న
కల్లిరోయి

తా.క. ఆ పిల్లకి అబద్ధం చెప్పాను. నీళ్ళు పోసింది నేనే. ఈస్టర్ ముందు మా ఆయన యాకోవోస్ పోయాడు. ఆ కబురు నీకెలా రాయాలో తెలియలేదు. సాయంత్రం అయితే ఇంట్లో ఉండలేక నీ చెట్టు కింద కూచుని, నీతో చెప్పాల్సినవన్నీ దానికి చెప్పుకునేదాన్ని. ఎవరి దగ్గరికైనా ఉత్తచేతులతో ఎలా వెళ్తామే? రోజూ రెండు బకెట్ల నీళ్ళు పట్టుకెళ్ళాను.