తలుపుల్లేని ఇల్లు

కెప్టెన్ గారికి నమస్కారం.

మా తమ్ముడికి పతకం ఇస్తామన్న మీ ఆహ్వానం అందింది. వాడు రానన్నాడు. ఆ మాటే రాయమంటే కలం పక్కన పెట్టేశాడు. అందుకని అక్కని నేను రాస్తున్నాను.

మీ ఓడ ఇంజను గదిలోకి నీళ్లు వచ్చినప్పుడు, మీరు ఫోనులో ఆజ్ఞ ఇస్తే, వాడు ఇనుప తలుపు మూశాడు. అవతల ఇద్దరు స్నేహితులు ఉండిపోయారు. మూయకపోతే ఓడే మునిగేదంటారు. నిజమే కావచ్చు. కాదనడానికి నాకు ఓడల సంగతి తెలియదు.

మా ఇంటి సంగతి తెలుసు. వాడు వచ్చినప్పట్నుంచి ఒక్క తలుపూ మూయనివ్వలేదు. చివరికి అన్నీ ఊడదీయించాం. స్నానాలగదికి కూడా పరదాయే. "ఈ ఇంట్లోకి రావాలంటే దొంగకే మొహమాటమేస్తుంది బావమరిదీ" అంటారు మావారు. వాడూ నవ్వేవాడు.

మీ ఆహ్వానం వచ్చాక ఆ నవ్వు పోయింది. అందులో వాడు 'స్వంత నిర్ణయంతో' తలుపు మూశాడని ఉంది. "అక్కా, నా అంతట నేనే మూసేశానా?" అని రోజూ అడుగుతున్నాడు. నేనెంత చెప్పినా, నేనక్కడ లేను కదా.

మీరు ఉన్నారు. వచ్చి, వాడి ఎదురుగా నిలబడి, "మూయమన్నది నేనే" అనండి. అప్పటిదాకా పతకం మీ దగ్గరే ఉంచుకోండి.

మా ఇంటికి తలుపు తట్టే పని కూడా లేదు.

ఇట్లు,
వాడి అక్క