మేకల కొట్టంలో నాలుగో వంతు

మార్చి 4
మొదటిసారి ఇల్లు కొనేవాళ్లకి రిజిస్ట్రేషన్ టాక్స్ పూర్తిగా మాఫీ. రూల్స్ నేనే చదివాను, ఎవడినీ నమ్మకుండా. ఆ టాక్స్ మిగిలితేనే ఫ్లాట్ మాది. లేకపోతే లేదు. అమ్మకీ నాకూ రెండు గదులు, మూడో అంతస్తు. లిఫ్ట్‌లో బేరింగ్ పోయింది, చప్పుడు విని చెప్పగలను. ఇంతకాలం ఊళ్లోవాళ్లని వాళ్ల వాళ్ల ఇళ్లకి మోసే లిఫ్టులు బాగుచేశాను. దీన్ని నా కోసం చేసుకుంటాను.

మార్చి 11
రిజిస్ట్రేషన్ ఆఫీసులో గుమాస్తా స్క్రీన్ చూసి, మీకు ఆల్రెడీ ఇల్లుంది కదమ్మా అన్నాడు. ఎక్కడుందో చెబితే ఇప్పుడే వెళ్లి పడుకుంటానన్నాను. నవ్వలేదు.

మార్చి 11, సాయంత్రం
అంతా తాతయ్య, అదే అమ్మ వాళ్ల నాన్న, చేసిన ఘనకార్యం. నేను పుట్టిన ఏడాది మేకల కొట్టంలో నాలుగో వంతు నా పేరున రాశాడట. దానికో తలుపుంది కాబట్టి రికార్డుల్లో అది గృహం. పైకప్పు ఎప్పుడో గాలికి పోయింది. ఫోన్ చేసి అరిచాను. ఉయ్యాల్లో ఉండగానే నిన్ను ఆస్తిపరురాలిని చేశానే, ఇన్నాళ్లకి థాంక్స్ చెప్పాలనిపించిందా అన్నాడు. ఆయన చెవులు భేషుగ్గా పనిచేస్తాయి. తిట్లు మాత్రం వినపడవు.

మార్చి 14
వాటా తిరిగి రాసిచ్చేసినా కుదరదట. ఒకసారి ఓనరైతే ఎప్పటికీ ఓనరే. స్పానర్ గోడకేసి కొట్టాను. గోడకేం కాలేదు.

మార్చి 15
అమ్మ ఎవరిదో జాకెట్‌కి హుక్కులు కుడుతూ, అసలేమీ లేనివాళ్లకే ఇస్తారా అంది. అవునన్నాను, విసుగ్గా. అయితే నా పేరున అడగరాదూ అంది.
అమ్మ పుట్టిల్లు మామయ్యలది. అత్తిల్లు నాన్న పోగానే బాబాయిది. ఆ తర్వాతవన్నీ అద్దె కొంపలు. తాతయ్య మనవరాలికి కొట్టం రాశాడు, కూతురికి గడప కూడా రాయలేదు. ఇన్నాళ్లూ నా పేరు కోసమే మండిపోయాను. అమ్మకీ ఓ పేరుందని తట్టనే లేదు.

మార్చి 22
లోను నాది, ఇల్లు అమ్మది. గుమాస్తా అమ్మ పేరు టైప్ చేశాడు. స్క్రీన్ ఖాళీ. ఇంత శుభ్రమైన ఖాళీ ఈమధ్య చూడలేదమ్మా అన్నాడు, మెచ్చుకుంటూ. అమ్మ సిగ్గుపడింది. మాఫీ వచ్చింది.
పనిలో అందరూ, మీ ఓనరమ్మ ఖాళీ చెయ్యమంటే ఎక్కడికి పోతావే అంటున్నారు. కొట్టం ఉందిగా అన్నాను. చాలా రోజులకి ఆకలేసింది.

ఏప్రిల్ 30
తాళం అమ్మే తీసింది. లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. నేను సామానుతో బయట. కొట్టాను. ఎవరది అంది. నేనే అన్నాను. కాస్త ఆగు అంది.
ఆగాను.