ఏటేటా నాలుగు వందల పన్నెండు

జూన్ 2, సోమవారం

ఇరవై మూడు ఫారెస్ట్ రేంజ్‌లలో ఇరవై రెండింటి ఫారాలు వచ్చాయి. పద్నాలుగో రేంజ్‌ది రాలేదు. రాదని తెలుసు. తొమ్మిదేళ్లుగా రావడం లేదు.

ఏ అడవిలో ఎన్ని ఘనపు మీటర్ల కలప నరికారో ఏడాదికోసారి లెక్క తేల్చి పైకి పంపడం నా ఉద్యోగం. ముప్పై ఒక్క ఏళ్లుగా ఇదే కుర్చీ. మధ్యలో ఒకసారి కాలు విరిగింది, కుర్చీది. దశాంశం చుక్క పక్కకు జరిగినా ఫారం తిప్పి పంపిస్తానని వెనకాల నన్ను ఫుల్‌స్టాప్ మేడమ్ అంటారు. నాకు వినపడదనుకుంటారు. ఆ పేరు నాకు ఇష్టమే.

ఫారం రాని రేంజ్‌కి మూడు రిమైండర్లు వెయ్యాలి. అప్పటికీ రాకపోతే పోయినేడాది అంకెనే వేసి, పక్కన ఎర్ర పెన్సిల్‌తో స్టార్ పెట్టాలి. స్టార్ అంటే ఇది అంచనా, ఎవరూ చెప్పింది కాదు అని. ఆ వెసులుబాటు ఒక్క ఏడాదికే. రెండో ఏడాది స్వయంగా ఫోన్ చేసి కనుక్కోవాలి. రూల్ అది.

పద్నాలుగో రేంజ్‌కి నేనెప్పుడూ ఫోన్ చెయ్యలేదు. అక్కడి రేంజ్ ఆఫీసర్ మా తమ్ముడు.

412 వేశాను. స్టార్ పెట్టాను. ఇది తొమ్మిదో స్టార్. ఇంటికొచ్చి పడుకున్నాను.

జూన్ 4, బుధవారం

వచ్చే నెలాఖరుకి రిటైర్‌మెంట్. పక్క సీటు కంప్యూటర్ అమ్మాయి, ఇంట్లో ఒక్కరే కదా మేడమ్, ఆ తర్వాత ఎవరితో మాట్లాడతారూ అని అడిగింది. ఫోన్‌తో అన్నాను. నవ్వింది.

ఇంటికొచ్చి ఫోన్ చూశాను. రెండు మెసేజ్‌లు. ఒకటి కరెంటు వాళ్లది. రెండోదీ వాళ్లదే, మొదటిది పొరపాటున వచ్చింది పట్టించుకోవద్దని.

ఫోన్ మార్చిన ప్రతిసారీ తమ్ముడి నంబరు కొత్తదాంట్లోకి ఎక్కించాను. ఇది నాలుగో ఫోన్. నంబరు ఎప్పుడూ నొక్కలేదు.

జూన్ 10, మంగళవారం

ఈసారి ఆడిట్ వాళ్లు కొత్త పని మొదలెట్టారు. రేంజ్‌లు నరికామన్న కలపనీ, డిపోలకు చేరిన కలపనీ పక్కపక్కన పెట్టి చూశారు. పద్నాలుగో రేంజ్‌లో తొమ్మిదేళ్లకి మూడు వేల ఏడు వందల ఎనిమిది ఘనపు మీటర్లు నరికినట్టు రిపోర్టు. డిపోకి చేరింది సున్నా.

మా సెక్షన్ హెడ్ ముఖం వెలిగిపోయింది. దొంగ దొరికాడన్నాడు. ఏటేటా ఒకే అంకె రాశాడంటే ఎంత పొగరో చూడండి మేడమ్, మార్చి రాసే ఓపిక కూడా లేదు వెధవకి, అన్నాడు. నెలాఖరులోపు సస్పెన్షన్, ఆ తర్వాత పోలీసు కేసట. ఆ వెధవ నాకేమవుతాడో హెడ్‌కి తెలియదు. పెళ్లితో నా ఇంటిపేరు మారింది. మావారు పోయాక కూడా అదే ఉండిపోయింది.

కంప్యూటర్‌లో స్టార్ లేదు. ఆరేళ్ల కిందట లెక్కలన్నీ కంప్యూటర్‌కి ఎక్కిస్తున్నప్పుడు, అంకెల గడిలో గుర్తులు పట్టవు మేడమ్ అని ఈ అమ్మాయే చెప్పింది. సరేలే అన్నాను. ఆ ఒక్క మాటతో నా అంచనా కాస్తా మా తమ్ముడి వాంగ్మూలం అయి కూర్చుంది.

మీరేమంటారు అని హెడ్ అడిగాడు. అది రాసింది నేనే అని నోటిదాకా వచ్చింది. టీ చల్లారిపోతోంది సార్ అన్నాను.

జూన్ 11, బుధవారం

అన్నం మాడింది. అదే తిన్నాను.

జూన్ 12, గురువారం

సంజాయిషీ నోటీసుకి తమ్ముడి నుంచి జవాబు వచ్చింది. తాను ఏ ఏడాదీ 412 అని చెప్పలేదట. మంటల తర్వాత అక్కడ ఒక్క చెట్టూ నరకలేదట. ఏటేటా ‘నిల్’ అని ఫారం రాసి బల్ల సొరుగులో పెట్టాడట, పంపలేదట. హెడ్ చదివి పకపకా నవ్వాడు. రాసి పంపకుండా దాచుకునేవాడు ఎక్కడైనా ఉంటాడా అన్నాడు.

ఉంటాడు. వాడికి అక్క కూడా ఉంది.

మధ్యాహ్నం రికార్డు రూముకి వెళ్లాను. కంప్యూటర్ వచ్చాక కూడా నా చేతి రిజిస్టర్ మానలేదు. తొమ్మిది పేజీల్లో తొమ్మిది ఎర్ర స్టార్లు. ఆ అంకె వాడు చెప్పింది కాదనడానికి లోకంలో ఉన్న రుజువు అదొక్కటే. ఆ రిజిస్టర్ తెరిచేది నేనొక్కదాన్నే.

నా బతుక్కి పెన్షన్ తప్ప దిక్కు లేదు. రిటైర్‌మెంట్ ఇంకా నలభై తొమ్మిది రోజులు.

రాయడానికి సిగ్గుగా ఉంది. రబ్బరు తీసి మొదటి స్టార్ చెరిపేశాను. రంగు పోయింది కానీ గుంట పోలేదు. కిటికీ దగ్గర పట్టుకుని చూస్తే అయిదు కొమ్మలూ కనిపిస్తున్నాయి. నాకెప్పుడూ చెయ్యి బరువే, చిన్నప్పుడు వాడి పలక మీద నేను దిద్దితే అచ్చు పడేది. రెండోది చెరపలేకపోయాను.

జూన్ 15, ఆదివారం

రోజంతా తలుపు తియ్యలేదు. ఎవరూ కొట్టలేదు కూడా.

అమ్మ పోయి పోయిన నెలకి తొమ్మిదేళ్లు. ఆ వారమే వాడి అడవి అంటుకుంది. కబురు పెడితే రాలేదు. మూడో రోజుకి వచ్చాడు. కనుబొమలు కాలిపోయి ఉన్నాయి. చూశాను. చూసి కూడా అందరి ముందూ అన్నాను, అమ్మ కంటే చెట్లే ఎక్కువైతే వాటితోనే కాపురం చెయ్యి, ఈ రోజు నుంచి నాకు తమ్ముడు లేడు అని. వాడు చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఫారాలు ఆగిపోయాయి. పొగరనుకున్నాను. రిమైండర్లు మాత్రం క్రమం తప్పకుండా పంపాను, ‘తక్షణమే సమర్పించగలరు’ అని, కింద నా సంతకంతో. తొమ్మిదేళ్లలో తోడబుట్టినవాడికి నేను రాసిన ఉత్తరాలు అవే.

అడవి ఎంత కాలిందీ అని ఒక్కసారి అడిగి ఉంటే, అక్కడ నరకడానికి ఏమీ మిగల్లేదని తెలిసేది. అడగలేదు. రానందుకు అదో సాకు అనుకున్నాను. నా రిజిస్టర్‌లో ఆ అడవి అసలు కాలనే లేదు. ఏటేటా నాలుగు వందల పన్నెండు.

అమ్మ ఆఖరి మాట ఒకటుంది. విన్నది నేనొక్కదాన్నే. వాడికి చెప్పలేదు. ఇక్కడా రాయను.

జూన్ 16, సోమవారం, ఉదయం 6.20

రిజిస్టర్ ఇంటికే తెచ్చేశాను శుక్రవారం. అదింకో రూల్ తప్పడం. ఒకటి తప్పాక చెయ్యి అలవాటు పడిపోతుంది.

అదే రోజు, సాయంత్రం

హెడ్ బల్ల మీద రిజిస్టర్ పెట్టి చెప్పేశాను. ఎనిమిది స్టార్లు ఉన్నాయి, మొదటిది నేనే చెరిపాను, వెలుగులో పెడితే కనిపిస్తుందని. ఆ రేంజ్ ఆఫీసర్ నా తమ్ముడని. హెడ్ చాలాసేపు పెన్ను మూత తీసి పెట్టాడు, తీసి పెట్టాడు. తర్వాత గొంతు తగ్గించి, నెలన్నరలో వెళ్లిపోతున్నారు, ఎందుకొచ్చిన గొడవ మేడమ్, తీసుకెళ్లి పాత చోటే పెట్టండి, నేను చూడలేదనుకుంటాను అన్నాడు. మంచివాడే. అదే నాకు మరీ కష్టమైంది.

నా కాగితం మీద రిసీవ్డ్ స్టాంపు వేయించుకునేదాకా కదల్లేదు.

ఇంటికొచ్చి తమ్ముడి నంబరు తీశాను. నొక్కలేదు. తొందరగా ఉద్ధరించిందిలే అనుకుంటాడని.

జూన్ 24, మంగళవారం

అడవికి వెళ్లొచ్చాం. విచారణ అధికారిణి, నేను, పద్నాలుగో రేంజ్ జీపు డ్రైవరు. అక్కా తమ్ముడూ కూడబలుక్కుని ఉండొచ్చు, కాగితాలు నమ్మను, మొదళ్లు చూస్తాను అందావిడ. నాకు నచ్చింది. నేనైనా అదే అనేదాన్ని.

గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. జుట్టంతా తెల్లబడింది. కనుబొమలు వచ్చాయి. నమస్తే మేడమ్ అన్నాడు ఆవిడతో. నమస్తే మేడమ్ అన్నాడు నాతో, అదే గొంతుతో.

పొద్దుట్నుంచి రెండింటి దాకా తిరిగాం. నరికిన చెట్ల మొదళ్లు ఒక్కొక్కటీ వెతికి, తడిమి, నంబరు వేసి రాసుకున్నాం. నూట ముప్పై ఏడు. ప్రతిదానికీ కోసిన ముఖం నల్లగా మాడి ఉంది. అంటే నరికింది ముందు, కాలింది తర్వాత. మంటల తర్వాత నరికిన మొదలు ఒక్కటంటే ఒక్కటి దొరకలేదు. పైగా అంతటా కొత్త చెట్లు, నాకు రెండింతల ఎత్తు, వరస తప్పకుండా. నాటించింది ఎవరని ఆవిడ అడిగితే, ఆఫీసు వాళ్లం ఖాళీ ఉన్నప్పుడు అన్నాడు. నా అరచేతులు బొగ్గయిపోయాయి. వాడు నాతో మాట్లాడింది ఒక్కసారే, అక్కడ గొయ్యి ఉంది చూసుకోండి అని. నీళ్ల సీసా మాత్రం అందరికంటే ముందు నాకే ఇచ్చాడు, ఎటో చూస్తూ.

తర్వాత సొరుగులోని ఫారాలు తెచ్చాడు. తొమ్మిదీ ఉన్నాయి. అన్నిట్లోనూ ‘నిల్’, కారణం ‘మంటలు’, కింద సంతకం, గడువులోపు తేదీ. ఆవిడ వరసగా చదువుతూ మొదటి ఏడాది ఫారం దగ్గర ఆగింది. రిమార్కుల గడిలో ‘అక్కా, ఆ రోజు’ అని ఉంది. అంతే. వాక్యం అక్కడే ఆగిపోయింది. ఎవరీ అక్క అని పైకే అడిగింది. తెలిసే అడిగిందేమో.

నేనే అన్నాను. తమ్ముడు తల తిప్పుకుని చెట్ల వైపు చూశాడు.

తిరిగొస్తుంటే డ్రైవరు చెప్పాడు. ఆ రోజు ఇద్దరు ఫైర్ వాచర్లు మంటలకి అవతల చిక్కుకుపోయారట. అమ్మ పోయిందన్న ఫోన్ చేతిలో ఉండగానే సార్ లోపలికి పరిగెత్తారట. ఒకణ్ణి భుజాన వేసుకొచ్చారట. రెండోవాడికోసం మళ్లీ వెళ్తే దొరకలేదట. మూడో రోజు శవం దొరికాక గానీ సార్ ఊరికి బయల్దేరలేదు, అన్నాడు. మీకు తెలిసే ఉంటుంది కదమ్మా అన్నాడు.

తెలుసు అన్నాను. ఇంకెన్ని అబద్ధాలు చెప్తానో ఈ జన్మకి.

జూన్ 25, బుధవారం

సెలవు పెట్టాను. గోళ్లలో బొగ్గు పోలేదు.

జూలై 9, బుధవారం

తమ్ముడి మీద విచారణ ఎత్తేశారు. ఫారాలు పంపనందుకు ఒక మందలింపు, అంతే. రిటైరయ్యాక రావాల్సిన నా పెన్షన్ ఆపారు. ఏడాదో రెండేళ్లో, తేలేదాకా. అడిగిన దానికంటే ఎక్కువే ఒప్పేసుకున్నారు మేడమ్ అని హెడ్ విసుక్కున్నాడు. కంప్యూటర్ అమ్మాయి అంకెల గడిలో తొమ్మిదిసార్లు సున్నా కొట్టింది. సున్నాలే అయినా ఒకటికి రెండుసార్లు సరిచూశాను. ఏడుస్తున్నారా మేడమ్ అంది. జలుబు అన్నాను.

ఆ తొమ్మిది ఫారాలూ ఇప్పుడు అందినట్టు రాసుకుని, అడుగున ఉండే రసీదు ముక్కలు చింపి రేంజ్‌కి పంపాలట. అది నా పనే.

జూలై 11, శుక్రవారం

స్కేలు పెట్టి తొమ్మిదీ చింపాను. తొమ్మిదింటి మీదా ‘అందింది’ అని రాసి, సంతకం పెట్టి, తేదీ వేశాను. మొదటిదాని వెనక పెన్సిల్ కాకుండా పెన్నుతో రాశాను.

అమ్మ ఆఖరున నీ గురించే అడిగింది. మంట ఆరిందా, వాడు ఏమైనా తిన్నాడా అని. నేనే చెప్పలేదు.