విచారించేవాళ్లు

మంగళవారం రాత్రి, హోసూరు

హైదరాబాదు నుంచి వచ్చిన డిప్రెషన్ ప్రశ్నలు ఇక్కడి తెలుగువాళ్లకు సరిగ్గా అర్థమవుతున్నాయో లేదో చూడడమే కదా నా పని. జబ్బేమీ లేనివాళ్లనే అడగాలి. ఈరోజు పక్కనున్న తళి ఊళ్లో, గులాబీల షెడ్డు దగ్గర పనిచేసే మునియమ్మను అడిగాను. పూలకు అట్ట చుడుతూనే జవాబులు చెప్పింది.

"ఈ రెండు వారాల్లో మీకు విచారం కలిగిందా?" అని చదివాను.

"లేదుమా. ఎవురూ విచారించలేదు," అంది.

'లేదు' దగ్గర టిక్కు పెట్టేశాను. అంటే మనసు బాగున్నట్టే. ఆమె ఇంకా చెబుతూనే ఉంది. "మా అక్క పోయినప్పుడు అందురూ ఇంటికొచ్చి విచారించి పోయినారు. ఇప్పుడు ఎవురొస్తారు? ఈడనే, నా పక్కనే నిలబడి పూలు కట్టేది మా అక్క."

అప్పుడు గాని నాకు వెలగలేదు. ఇక్కడ విచారించడమంటే బాధపడడం కాదు, బాగోగులు అడగడం. మా ఇంట్లోనూ అంతే. పుస్తకాల తెలుగులో పడి మరిచిపోయాను.

"బేజారుగా ఉంటుందా అమ్మా?" అని మళ్లీ అడిగాను.

ఆమె చేతులు ఆగాయి. "దినామూ," అంది.

ఆ టిక్కు చెరిపేశాను. 'విచారం' అన్న మాట మార్చమని రేపు ఈ ప్రశ్నల పని చూసే డాక్టరుగారికి చెప్పాలి. కానీ ఇన్నాళ్లూ నేను రాసుకున్న 'లేదు'ల్లో ఇలాంటివి ఎన్నో...

బస్సెక్కుతుంటే మునియమ్మ గేటు దగ్గర్నుంచి కేకేసింది: "మీ అమ్మను విచారించినానని చెప్పుమా!"

ఇంటికి రాగానే అమ్మకు చెప్పాను. ఎవరని కూడా అడగలేదు. "ఆయమ్మ ఎట్లుంది?" అంది.

మా ప్రశ్నల్లో ఆ ఒక్కటీ లేదు.