తెర లేని కిటికీ

షెట్లండ్, 1979 నవంబరు 4

ప్రియమైన హేజెల్,

ఇక్కడ అంతా బాగానే ఉంది. గాలి ఎక్కువ. చమురు టెర్మినల్ పని వేసవి దాకా సాగుతుందట, మమ్మల్ని ఉండిపొమ్మంటున్నారు. ఉండేట్టయితే క్రిస్మస్ లోపు ఒప్పంద కాగితం మీద సంతకం పెట్టాలి. పెడదామనే అనుకుంటున్నాను. ట్రేసీకి ముద్దులు.

నీ నెవిల్

డాన్‌కాస్టర్, నవంబరు 12

ప్రియమైన నెవిల్,

నీ ఉత్తరం అందింది. చదవడం కంటే కవరు చింపడానికే ఎక్కువసేపు పట్టింది.

మేడ మీద గదులు వెచ్చబెట్టే రేడియేటర్లన్నీ చల్లబడిపోయాయి, పైపుల్లో వేడినీళ్లు పైకి రావడం లేదు. కింద చెయ్యి పెడితే కాలుతుంది, పైన నోరు తెరిస్తే ఆవిరి వస్తోంది. ట్రేసీ ఉన్ని టోపీ పెట్టుకుని పడుకుంటోంది. ఊళ్లో సగం ఇళ్లకి హీటింగ్ బిగించినవాడి పెళ్లాం, కూతురు ఇలా వణుకుతున్నారని ఎవరికైనా చెబితే నవ్విపోతారు.

ఇక లాభం లేదని పైపుల పని చేసే క్లైవ్‌ని పిలిచాను. మెట్ల పైన నేల చెక్క ఒకటి లేపి చూశాడు. "ఈ సన్న పైపులు ఎవరు వేశారు హేజెల్? పెన్సిల్ కూడా దూరదు వీటిలో. తుప్పు బురద పేరుకుపోయింది" అన్నాడు. మా ఆయనే అన్నాను. టీ ఇచ్చాను.

సంతకం సంగతి నీ ఇష్టం.

నీ హేజెల్

షెట్లండ్, నవంబరు 19

ప్రియమైన హేజెల్,

క్లైవా? ఊళ్లో ఇంకెవరూ దొరకలేదా? మన పెళ్లికి ముందు నిన్ను డాన్సులకి తిప్పినవాడేగా? ఇంకా జుట్టుకి ఆ జిడ్డు రాసుకుంటున్నాడా?

నా పైపుల మీద వాడు చెయ్యి పెట్టడమేమిటి? గోడకి చిన్న గాటు కూడా పడకుండా, ప్రతి రేడియేటరుకీ విడిగా, నేల చెక్కల కింద తీగ లాగినట్టు లాగాను. అంత నాజూకు పని వాడి జన్మలో చెయ్యలేడు. వాణ్ని మళ్లీ గడప తొక్కనివ్వకు. నేను చెప్పినట్టు నువ్వే చెయ్యి. ఇంట్లో రేడియేటర్లన్నీ మూసేసి ట్రేసీ గదిలోది ఒక్కటే తెరిచి ఉంచు. నీళ్లు తోసే పంపు బలమంతా ఆ ఒక్క పైపులోకే పోతుంది. రబ్బరు సుత్తితో రేడియేటరు మీద మెల్లగా తట్టు. బురద కదిలాక ఆ నల్లనీళ్లు పూర్తిగా వదిలెయ్యి. తరువాత చిన్నగదికి కూడా అంతే. కొత్త నీళ్లు నింపేటప్పుడు షెడ్డులో ఉన్న తుప్పు మందు కలపడం మరిచిపోకు.

వాడి టీలో చక్కెర ఎంత వేశావో కూడా రాయి. ఊరికే అడుగుతున్నాను.

నీ నెవిల్

డాన్‌కాస్టర్, నవంబరు 27

ప్రియమైన నెవిల్,

మూడు చెంచాలు.

ట్రేసీ గది వెచ్చబడింది, చిన్నగది కూడా. చిత్రం ఏమిటంటే, క్లైవ్ కూడా అచ్చం నువ్వు రాసినట్టే చేశాడు. ఆ సుత్తి తట్టడం ఎంత ఓపికగా తట్టాడో. నల్లనీళ్లు బకెట్లకి బకెట్లు వచ్చాయి. మన పడకగదిది మాత్రం లొంగడం లేదు. నీకు తెలుసుగా, అది మొదటినుంచీ గోరువెచ్చగానే ఉండేది. మళ్లీ వస్తానన్నాడు.

నీ హేజెల్

షెట్లండ్, డిసెంబరు 4

హేజెల్,

మన పడకగదిలో వాడికేం పని?

రాత్రి నిద్ర లేదు. వాడు నా సుత్తి పట్టుకుని, నా నేల మీద మోకాళ్లు ఆనించి, నా కప్పులో టీ తాగుతున్నట్టే కనిపిస్తున్నాడు. అవును, కడుపు మండిపోతోంది. నీకు నవ్వుగా ఉంటే నవ్వుకో. ఫోను చేద్దామంటే ఇక్కడి ఫోను గది నిండా జనం, అందరి ముందూ ఈ మాటలు ఎలా అడగను?

ఆ రేడియేటరు నువ్వే విప్పు. వాషింగ్ మెషీను గొట్టం కొళాయికి తగిలించి, పైపులోకి ఎదురు నీళ్లు కొట్టు. కదలకపోతే సన్నగా, మెత్తగా వంగే తీగ ఏదైనా చూసి లోపలికి తోసి తిప్పు. నీకు చేతనవుతుంది. నీ చేతులు ఎంత నేర్పైనవో నాకు తెలుసు. పెళ్లి కాకముందు నా మోటారు సైకిలు కార్బరేటరు విప్పి తుడిచింది నువ్వే. ఆ మాట నీకెప్పుడూ చెప్పలేదు, ఆ రోజే నిన్ను చేసుకోవాలనుకున్నాను.

వాణ్ని రానివ్వకు.

నెవిల్

డాన్‌కాస్టర్, డిసెంబరు 10

ప్రియమైన నెవిల్,

క్లైవ్ ఇవాళ రోజంతా పడకగదిలోనే. మోచేతుల దాకా నలుపు. మధ్యాహ్నం పంది మాంసం కూరిన రొట్టె పెడితే వద్దనకుండా తిన్నాడు.

కార్బరేటరు సంగతి బాగుంది. ఇంకా రాయి.

నీ హేజెల్

షెట్లండ్, డిసెంబరు 14

హేజెల్,

మా అక్క డోరీన్ ఉత్తరం రాసింది. మన పడకగది కిటికీకి వల తెర లేదట. వీధి వీధంతా చూసిందట. మా అమ్మ పోయిన రోజు కూడా ఆ కిటికీ తెర లేకుండా లేదు. పట్టపగలు, వాడు లోపల ఉండగా, తెర ఎందుకు తీశావు?

కాగితం ఫోర్‌మన్ బల్ల మీద ఉంది. శుక్రవారం లోపు నీ జవాబు రాకపోతే సంతకం పెట్టేస్తాను. నువ్వూ నీ క్లైవూ వెచ్చగా ఉండండి.

నెవిల్

డాన్‌కాస్టర్, డిసెంబరు 17

నా నెవిల్,

ఇది వెంటనే చదువు, ఎవరి బల్ల దగ్గరికీ వెళ్లకుండా.

సన్నగా, మెత్తగా వంగే తీగ చూడమన్నావు. ఇల్లంతా వెతికితే దొరికింది ఆ తెర కట్టే స్ప్రింగు తీగ ఒక్కటే. అందుకే తెర దించాను. డోరీన్ చూస్తుందని తెలుసు, నీకు రాస్తుందని కూడా తెలుసు. నువ్వు ఇంత దూరం పోతావని మాత్రం అనుకోలేదు.

క్లైవ్ వచ్చింది మొదటి రోజు ఒక్కసారే. ఆ తరువాత సుత్తి తట్టింది నేను, బకెట్లు మోసింది నేను, మాంసం రొట్టె తిన్నదీ నేనే. టీలో మూడు చెంచాల చక్కెర వేసుకునేది నేనేనని నీకు తట్టకపోవడమే నాకు బాధ. నీ ఉత్తరాలు పక్కన పెట్టుకుని, ఒక్కొక్క వాక్యం చదువుతూ చేశాను. క్లైవ్ రాకముందు నువ్వు నాకు గాలి గురించి రాసేవాడివి. వాడొచ్చాక పేజీలు రాశావు. వాటిలో సగం పైపుల గురించే. ఆ పైపుల మీద నాకెంత అసూయగా ఉందో నీకు తెలియదు. వాటి నాజూకు గురించి అంత రాశావు, నా గురించి ఒక్క కార్బరేటరు.

ఇంకో మాట. పడకగది పైపులో బురద లేదు. తీగ మెట్ల పైన చెక్క కిందకి పోయి ఆగిపోయింది. అక్కడ పైపు నొక్కుకుపోయి ఉంది. పనిముట్టు లేకుండా మోకాలికి ఆనించి వంచిన వంపు అది, నీదే. ట్రేసీ పుట్టినప్పటి మాట, మర్నాడు దానితో ఆసుపత్రి నుంచి ఇంటికి వస్తున్నాను, ఇల్లు వెచ్చగా ఉండాలని నువ్వు ఒక్కడివే కూర్చుని హడావుడిగా పని ముగించావు. క్లైవ్ ఆ వంపు మొదటి రోజే చూశాడు. నాకు చూపించి నవ్వాడు, అది పడకగదికి పోయే పైపని నాకప్పుడు తెలియదు. కప్పులో టీ సగం ఉండగానే పంపేశాను.

ఆ ముక్క కోసి అతకడం నాకు రాదు. ఇంకెవరినీ పిలవను. చెక్కకి మేకులు కొట్టకుండా ఉంచాను. తెర మాత్రం కట్టేశాను.

నీ హేజెల్

షెట్లండ్, డిసెంబరు 20

ప్రియమైన హేజెల్,

సంతకం పెట్టలేదు. ఆదివారానికి ఇంట్లో ఉంటాను, పైపు ముక్క తెస్తున్నాను. క్లైవ్ ఎంతసేపు నవ్వాడో నువ్వు రాయలేదు.

నీ నెవిల్