నీ చీర చింపేదా, రబ్బరు షీటు కొనేదా

ఈరమ్మా, నేను చేనికి పోయొచ్చేలోపల నా పెండ్లి పంచె చింపి పసిబిడ్డకు గుడ్డలు చేస్తివి. ఒక మాట అడగలే. ఆ కోపం ఇంకా ఉండాది నాకు.

ఆ బిడ్డే ఇప్పుడు మన ఇంట్లో కూతుర్ని కనింది. నీ ముక్కే, నీ గొంతే. ఏడిస్తే వీధంతా వినపడతాది. మన రక్తం మరి.

అల్లుడు కడపలో రబ్బరు షీటు, పిన్నీసులు కొంటానంటాండాడు.

"ఈ ఎండకు రబ్బరు మీద బిడ్డ వొళ్లు ఉడికిపోతాదప్పా. మా ఇంటి బిడ్డకు అంగడి సరుకు ఎందుకు?" అంటి.

"అయితే పెట్టెలో అమ్మ చీర ఇయ్యి నాయనా, మెత్తగుంటాది" అనింది కూతురు.

నీదని మిగిలింది అదొక్కటే. నేను నీ మాదిరి కాదు, అడిగే చింపుతా. అల్లుడు సోమవారం కడపకు పోతాండాడు. ఆదివారం లోపల కలలోకొచ్చి సరేనో వద్దో చెప్పు.